పద్దులు సరిచూచే విధం

ఒక పుస్తకాల దుకాణం ఉన్నదనుకుందాం. నెలాఖరున దాని లెక్కల ప్రకారం బ్యాంకులో నిల్వ 12,310 రూపాయలు. బ్యాంకువారు పంపిన పట్టికలో మాత్రం 14,180 రూపాయలు ఉన్నది. తేడా 1,870 రూపాయలు. ఇట్టి తేడాకు కారణాలను ఒక్కొక్కటే వెదికి, రెండు లెక్కలను కలపటాన్ని బ్యాంకు సమన్వయం అంటారు. ఈ పనికి నేడు కంప్యూటరు సాయపడుతున్నది.

బ్యాంకు పట్టికను అందించగానే, లెక్కల సాఫ్ట్‌వేర్ అందులోని ప్రతి పద్దుకూ దుకాణపు పుస్తకంలో జోడు వెదకుతుంది. మొత్తం ఒక్కటేనా, తేదీలు దగ్గరగా ఉన్నవా, చెక్కు సంఖ్య సరిపోయినదా అని పోల్చి, జత కుదిరినవాటిని గుమాస్తా ముందు ఉంచుతుంది. అది సూచన మాత్రమే. గుమాస్తా ఓచరు చూచి సరే అంటేనే ఆ పద్దు ధ్రువపడినట్లు. జత దొరకనివి విడిగా మిగిలిపోతవి. అసలు పరిశోధన వాటితోనే ప్రారంభమవుతుంది.

మన దుకాణంలో అట్లా మిగిలినవి మూడు. మొదటిది 2,000 రూపాయల చెక్కు. దుకాణదారు వ్రాసి ఇచ్చినాడు, పుచ్చుకొన్నవారు ఇంకా బ్యాంకులో వేయలేదు. ఇది తప్పు కాదు, ఆలస్యం మాత్రమే. రెండవది, బ్యాంకు తన రుసుము క్రింద తీసుకొన్న 40 రూపాయలు; దుకాణపు పుస్తకంలో ఇది ఎక్కలేదు. మూడవది 540 రూపాయల చెల్లింపు; గుమాస్తా దానిని 450 అని వ్రాసినాడు. ఆ 40, ఈ 90 తీసివేస్తే దుకాణపు నిల్వ 12,180 అవుతుంది. బ్యాంకు ఇంకా చెల్లించని 2,000 దానికి కలిపితే సరిగా 14,180.

540, 450ల తేడా అయిన 90ని 9 నిశ్శేషంగా భాగిస్తుంది. ఇది కాకతాళీయం కాదు. పక్కపక్కనున్న అంకెలు క, గ అనుకుంటే, 10క + గ నుండి 10గ + క తీసివేయగా 9(క − గ) మిగులుతుంది. కనుక తేడాను 9 భాగిస్తే, అంకెలు తారుమారైనవేమోనని ముందుగా చూడవచ్చును.

అయితే నిల్వలు కుదిరినంత మాత్రాన లెక్క నిజమైనట్లు కాదు. ఇద్దరు చెరి 500 రూపాయలు బాకీ ఉండగా, ఒకరే చెల్లించినారనుకోండి. సాఫ్ట్‌వేర్ ఆ సొమ్మును రెండవవాని బాకీకి జతపరచవచ్చు. నిల్వ సరిపోతుంది, కాని సొమ్ము కట్టినవానికే మళ్ళీ తాకీదు పోతుంది. ఓచరు చూడకుండా సరే అన్న గుమాస్తాదే ఆ తప్పు.

ఈ జాగ్రత్త క్రొత్తది కాదు. 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన తన గణితగ్రంథంలో లూకా పాచోలీ జంటపద్దు విధానాన్ని వివరించినాడు. ఆవర్జాను సరిచూచేందుకు ఇద్దరు కావలెనన్నాడు. ఒకరు చిట్టా పట్టుకొని పద్దు చదువుతారు. మరొకరు ఆవర్జాలో దానిని వెదికి ప్రక్కన చుక్క పెడతారు. నేటి కార్యాలయాలలోనూ పద్దు వ్రాసేవారు ఒకరు, ధ్రువపరచేవారు మరొకరు ఉండటం మంచిదంటారు. తన పొరపాటు తన కంటికి ఆనదు కదా!

ధ్రువపరచిన తరువాత తప్పు బయటపడితే, పాత పద్దును చెరపక, సవరణ పద్దు వ్రాయటం పద్ధతి. కాగితంపై కొట్టివేత కనబడుతుంది, కంప్యూటరులో కనబడదు. అందువల్లనే మన దేశంలో కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతోసహా నమోదు చేయవలెనని, ఆ నమోదును ఆపివేసే వీలు ఉండరాదని 2023 ఏప్రిల్ 1 నుండి నిబంధన అమలులోకి వచ్చినది.

పాచోలీ పద్ధతిని తరగతిలోనే పరీక్షించవచ్చును. ఇద్దరేసి విద్యార్థులకు ఒకే లెక్క రెండు ప్రతులుగా ఇచ్చి, ఒక ప్రతిలో అంకెలు తారుమారు చేసి, ఒకరు చదవగా మరొకరిని చుక్కలు పెట్టమంటే చాలు.