కాపలా కుక్కే చీతాకు రక్ష!

ప్రపంచమంతా వెతికినా అడవుల్లో మిగిలిన చీతాలు దాదాపు ఏడు వేలే. వాటి బతుకు ఇప్పుడు మేకల కాపరుల చేతుల్లో ఉంది.

నేల మీద చీతాను మించిన పరుగు మరే జంతువుకీ లేదు. కానీ ఆ పరుగు కొన్ని వందల మీటర్ల వరకే. వేటాడాక రొప్పుతూ కూలబడితే, సింహమో హైనానో వచ్చి నోటికాడి కూడు లాక్కుపోతుంది. పరుగు కోసమే మలచిన తేలికపాటి ఒంటితో ఎదురుతిరగడం దానివల్ల కాదు. అందుకే పెద్ద మృగాల పోటీ లేని చోటు వెతుక్కుంటూ పశువుల మేతభూముల్లోకి వస్తుంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం చీతాలు తిరిగే నేలలో 77 శాతం రక్షిత ప్రాంతాల బయటే ఉంది.

అక్కడ ఎదురయ్యేది రైతు తుపాకీ.

నమీబియాలో 1980లలో పశుపోషకులు వేల చీతాలను మట్టుబెట్టారు. 1990లో అక్కడ చీతా కన్జర్వేషన్ ఫండ్‌ను స్థాపించిన అమెరికన్ శాస్త్రవేత్త లారీ మార్కర్, తుపాకీ వద్దని ఉపన్యాసాలివ్వడంతో సరిపెట్టలేదు. 1994 నుంచి తుర్కియే జాతి అనటోలియన్ షెపర్డ్, కంగాల్ కుక్కపిల్లలను రైతులకు ఇప్పించారు. కొన్ని వారాల వయసులోనే మేకల మధ్య పెరిగిన ఆ కుక్క ఆ మేకల మందే తన కుటుంబమనుకుంటుంది. చీతా కనిపిస్తే అడ్డంగా నిలబడి మొరుగుతుంది. గాయపడితే వేట సాగదు, వేట సాగకపోతే ఆకలే. అందుకే చీతా తగువు పెట్టుకోకుండా వెనుదిరుగుతుంది. కుక్కల్ని పెంచిన రైతులకు పశునష్టం 80 శాతానికి పైగా తగ్గిందని సంస్థ చెబుతోంది.

ముప్పులు ఇంకా ఉన్నాయి. సుమారు పదివేల ఏళ్ల క్రితం చీతాలు అంతరించే అంచుదాకా వెళ్లి, మిగిలిన కొద్దిపాటి వాటి నుంచే మళ్లీ పెరిగాయి. అందుకే వాటి మధ్య జన్యు వైవిధ్యం చాలా తక్కువ, రోగం సోకితే గంపగుత్తగా పోయే ప్రమాదముంది. సోమాలియా, ఇథియోపియా ప్రాంతాల నుంచి పిల్లలను గల్ఫ్ సంపన్నుల ముచ్చట కోసం దొంగచాటుగా తరలిస్తున్నారు. ఆసియా చీతాలైతే ఇరాన్‌లో అతి కొద్ది మాత్రమే మిగిలాయి.

భారత్‌లో 1947లో కొరియా అనే సంస్థానపు మహారాజు చివరి మూడింటిని కాల్చాడన్నది ప్రచారంలో ఉన్న లెక్క. 1952లో అవి అంతరించాయని ప్రభుత్వం ప్రకటించింది. ఇరాన్ చీతా కణాలతో క్లోనింగ్ చేయాలని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ తలపెట్టినా ఆ దేశం ఒప్పుకోలేదు. చివరికి 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానానికి చేరాయి. కొన్ని చనిపోయాయి, పిల్లలూ పుట్టాయి.

కూనోకు కంచె లేదు. చీతాలు ఊళ్ల వైపు వస్తూనే ఉన్నాయి. 2025 మార్చిలో లేగదూడపై దాడి చేసిన చీతాలపై గ్రామస్థులు రాళ్లు రువ్వారు. మరుసటి నెలలో ఒకాయన వాటికి నీళ్లు పెట్టిన వీడియో దేశమంతా తిరిగింది, అటవీశాఖ ఆయనపై చర్య తీసుకుంది. మనుషులకు అలవాటు పడితే అవి ఊళ్లను వదలవన్నది అధికారుల భయం. రాళ్లు వద్దు, నీళ్లూ వద్దు, కనిపిస్తే కబురు చేస్తే చాలని నచ్చజెప్పే పని ఇప్పుడు ఊరూరా ఎంపికైన ‘చీతా మిత్ర’లది.