టాంకు మూతలో చీమతల చిల్లు

ఒరే చిన్నా, నాన్నమ్మ కొత్త నూనె డబ్బా తెరవడం ఎప్పుడైనా చూశావా? ఒక మూల చిల్లు పొడిచి ఊరుకోదు, ఎదురు మూల ఇంకోటి పొడుస్తుంది. ఒక్క చిల్లే ఉంటే నూనె గుటకలు గుటకలుగా, ఆగి ఆగి పడుతుంది. రెండోది ఉంటే సన్నని ధారగా దిగుతుంది. నూనె ఖాళీ చేసిన చోటులోకి గాలి రావాలి మరి. మన పాత అంబాసిడర్ మొన్న మాఘమాసంలో నాకు మళ్ళీ ఈ పాఠమే చెప్పింది.

పెదపాడు నుంచి తాడేపల్లిగూడెం పెళ్ళికి చీకటితోనే బయల్దేరాం. దెందులూరు దాటగానే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పావుగంటాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచింది. భీమడోలు దగ్గర మళ్ళీ అదే తంతు. అంతకు ముందు వారమే ఒక మెకానిక్కు కార్బొరేటర్ రెండుసార్లు విప్పి జెట్లు ఊదాడు. డబ్బులయ్యాయి, జబ్బు పోలేదు. వేసవైతే వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డుపడిందనుకుని పంపు మీద తడిగుడ్డ వేసేవాణ్ణి. అంత చలిలో ఆ మాట కుదరదు. పుళ్ళ దగ్గర మూడోసారి ఆగినప్పుడు బానెట్ ఎత్తకుండా వెనక్కి వెళ్ళి టాంకు మూత తిప్పాను. ‘స్స్‌స్’మని గాలి లోపలికి పోయిన చప్పుడు! మూత బిగించి తాళం తిప్పితే వెంటనే స్టార్టయింది.

పంపు పెట్రోలును లాగుతుందంటాం. నిజానికి లాగదు. ఇంజను పక్కనుండే ఈ పంపులో పలచటి రబ్బరు పొర ఒకటి పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. అది కిందికి దిగినప్పుడు పంపులో పీడనం తగ్గుతుంది. అప్పుడు టాంకులో పెట్రోలు మీద కూర్చున్న గాలి దాన్ని గొట్టంలోకి నెడుతుంది. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా కిలో బరువు మోపుతున్న గాలి అది. మూతలో గాలాడే చీమతల చిల్లు మట్టితో పూడిపోయింది. పెట్రోలు తగ్గినకొద్దీ టాంకులో పీడనం పడిపోయి, నెట్టే చెయ్యి నీరసపడింది. బండి ఆగి ఉన్న పావుగంటలో సందుల్లోంచి కాస్త గాలి చేరేది, బండి లేచేది. ఇంటికొచ్చాక సూదితో చిల్లు పొడిచాను. అంతే వైద్యం!

కొల్లేటి పక్క చేపల చెరువులకు నీళ్ళు తోడేవాళ్ళను అడుగు, ఇంకో సంగతి చెబుతారు. సక్షన్ పైపుకు వెంట్రుకవాసి బీటున్నా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. పైపు నీటికి బదులు గాలి తాగుతుంది. కారులోనూ టాంకుకూ పంపుకూ మధ్య రబ్బరు గొట్టం బీటువారితే, బయట చుక్క కారకుండానే ఇదే జబ్బు పట్టుకుంటుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాతకాలం రబ్బరు దానికి ఆగదు. అందుకే మన బండికి గొట్టాలూ, పంపులో పొరా ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించాను. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక ఉన్నదాన్ని మనమే కాపాడుకోవాలి.

కార్బొరేటర్లోనూ నెట్టేది గాలే. దాని చిన్న తొట్టిలో ఫ్లోటు ఉంటుంది, మన మేడ మీద నీళ్ళ టాంకులో బంతి లాంటిది. తొట్టి నిండితే అది తేలి దారి మూసేస్తుంది. కార్బొరేటర్ గొంతు ఇరుకైన చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఈ సూత్రాన్ని బెర్నూలీ 1738లోనే పుస్తకంలో రాశాడు. తొట్టిలో పెట్రోలు మీద ఉన్న గాలి అప్పుడు దాన్ని జెట్‌లోంచి ఆ గొంతులోకి నెడుతుంది.

కనుక పెట్రోలు అందడం లేదనిపిస్తే ముందు మూత చూడు. తరువాత గొట్టం, ఫిల్టరు, పంపు. కార్బొరేటర్ చిట్టచివర.

ఇంకొక్క మాట. టాంకులోంచి పెట్రోలు తియ్యడానికి గొట్టం నోట్లో పెట్టి పీల్చేవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు. అక్కడా నెట్టేది గాలే, అది నీ నోటి దగ్గర ఆగదు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికొస్తుంది. నువ్వు ఎప్పుడూ ఆ పని చెయ్యకు, ఎవరైనా చేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపు.