కారు ‘గూ’మంటోందా? ఓ చెవి వేయండి!

నెల్లూరులో పెళ్లి చూసుకుని దుత్తలూరుకు తిరిగొస్తున్నాం. ఆత్మకూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది కదా అని మావారు కాస్త వేగం పెంచారు. ముల్లు అరవై దాటిందో లేదో, ఎక్కడినుంచో ‘గూ...’ అని సన్నటి రొద. దూరంగా పిండిమర ఆడుతున్నట్టు. వేగం తగ్గితే లేదు. పెరిగితే మళ్లీ మొదలు.

‘‘ఏమండీ, ఏదో శబ్దం వస్తోంది’’ అన్నాను.

‘‘రోడ్డు శబ్దంలే. కథలు రాసి రాసి నీకన్నీ వినిపిస్తాయి’’ అని నవ్వేశారు.

వెనక సీట్లోంచి అత్తయ్య, ‘‘అమ్మాయి చెప్పేది నిజమేరా. నాకూ కాళ్ల కింద జుమ్మంటా ఉండాది’’ అన్నారు. దాంతో ఆయన నవ్వు ఆగింది.

మర్నాడు టైర్ల షాపులో చూపిస్తే నాలుగు టైర్లూ మార్చాలన్నారు. మారిస్తే శబ్దం పోతుందా అని అడిగితే ‘‘పోవచ్చు’’ అన్నారు. వేలకు వేలు పోసేచోట ఆ ‘వచ్చు’ నాకు నచ్చలేదు. ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకుందామన్నాను.

మిక్సీలో బుష్ అరిగినా, ఫ్యాను బేరింగు పోయినా ఇంట్లో ముందు పసిగట్టేది మన చెవే కదా! కారు సంగతీ అంతే. నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

ఇంజనుదా?

ఒకే వేగంలో వెళ్తూ గేరు మార్చి చూడమనండి. ఇంజను తిరిగే వేగం మారుతుంది, బండి వేగం మారదు. అయినా రొద అలాగే ఉంటే ఇంజనును అనుమానించక్కర్లేదు. చక్రాల వైపు చూడాలి.

టైర్లదా?

కొత్తగా తారు వేసిన నున్నటి రోడ్డు మీద తగ్గి, కంకర తేలిన చోట పెరిగితే అది చాలావరకు టైరు రొదే. బండి ఆపి, టైరు చల్లారాక అరచేత్తో జాగ్రత్తగా నిమిరి చూడండి. రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా తగిలితే టైరు సమంగా అరగలేదన్నమాట. వీల్ అలైన్‌మెంట్ తప్పినా, షాక్ అబ్సార్బర్లు పోయినా ఇలా అరుగుతుంది. ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించండి. రొద కూడా చోటు మారితే దొంగ దొరికినట్టే.

గాలిదా?

టాపు మీది క్యారియరు, తలుపు అంచున వదులైన రబ్బరు కూడా వేగంలో ఊళ పెడతాయి. ఆ సందుకు కాగితపు టేపు అంటించి వెళ్లి చూడండి. శబ్దం పోతే ఖర్చు టేపుతో సరి.

బేరింగుదా?

చక్రం తేలిగ్గా తిరగడానికి లోపల ఉక్కు గుండ్లుంటాయి. బండి ఇరుసుకు ఇలాంటి గుండ్ల బేరింగు అమర్చే పద్ధతికి వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే పేటెంటు పొందాడు. కందెన లేని ఎద్దుబండి ఇరుసు కీచుమన్నట్టే, ఇప్పటి కార్లలో సీలు దెబ్బతిని నీళ్లు చేరినా, గ్రీజు పోయినా, గుంతల్లో గట్టిగా పడినా గుండ్లు తిరిగే దారి గరుకెక్కుతుంది. అప్పుడే ఈ ‘గూ’ శబ్దం.

బస్సు ఎడమకు తిరిగితే మనం కుడికి ఒరుగుతాం కదా? కారు బరువూ అంతే. కాబట్టి స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పినప్పుడు రొద పెరిగితే సాధారణంగా కుడివైపు బేరింగు, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమవైపుది. ఈ పరీక్ష వెనకా ముందూ బళ్లు లేని తిన్నని రోడ్డు మీద, మితమైన వేగంలో, మన వరుస దాటకుండా చేయాలి. నడిపేవారు రోడ్డు చూడాలి, పక్కనున్నవారు వినాలి.

మేమూ అలాగే చేశాం. గేరు మార్చినా తేడా లేదు. రోడ్డు మారినా అదే రొద. ఎడమకు తిప్పితే పెరిగింది, కుడికి తిప్పితే అణిగిపోయింది. ఇదంతా చీటీ మీద రాసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లాం. ఆయన జాకీ ఎత్తి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పాడు. ముందు కుడి చక్రం తిరుగుతుంటే స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూశాడు. పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం కొద్దిగా కదిలింది. ‘‘మేడమ్ రాసిందే సార్! కుడివైపు బేరింగు పోయింది’’ అన్నాడు. నాలుగు టైర్ల ఖర్చులో చిన్న వంతుతో పని అయిపోయింది.

ఖర్చు సంగతి అలా ఉంచండి. పోయిన బేరింగుతో అలాగే తిరిగితే చక్రం ఊగులాడుతుంది, మరీ ముదిరితే పట్టేయవచ్చు, ఊడిపోనూ వచ్చు. మా మెట్ట ప్రాంతంలో ఊరికీ ఊరికీ మధ్య రాత్రిపూట అలా జరిగితే? వెనక సీట్లో పిల్లలూ పెద్దలూ ఉంటారు కదా! అందుకే రొద గరగరగా మారినా, స్టీరింగు వణికినా, ఒక చక్రం దగ్గర మాత్రమే వేడిగా, కాలిన వాసనగా అనిపించినా ఇక నడపొద్దు. బండి పక్కన ఆపి మెకానిక్కును పిలిపించండి.

కాబట్టి ‘బళ్ల సంగతి మనకేం తెలుసు’ అని ఊరుకోకండి. ఎంత వేగంలో వస్తోంది, ఎటు తిప్పితే పెరుగుతోంది, ఏ రోడ్డు మీద తగ్గుతోంది... ఈ మూడూ రాసిస్తే మెకానిక్కుకు సగం పని తప్పుతుంది, మనకు అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు ముల్లు అరవై దాటితే మావారే పాటలు ఆపేసి, ‘‘ఏమోయ్, ఏమన్నా వినిపిస్తోందా?’’ అని అడుగుతున్నారు!