ప్రాథమిక తరగతులలో పరిసర పటాల బోధన

ప్రాథమిక తరగతులలో పరిసర పటాల బోధన అనగా పిల్లలకు బాగా తెలిసిన ఇల్లు, బడి, వీధి, ఊరు వంటి స్థలాలను పటాలుగా గీయటం, అక్కడ లెక్కించిన అంశాలను రేఖాచిత్రాలుగా చూపటం నేర్పే పద్ధతి. అచ్చు పటాన్ని చదవటానికి ముందు సొంత పటాన్ని గీయించటం దీని ముఖ్య సూత్రం. నంద్యాల జిల్లాలోని డోన్ పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ పద్ధతి ఇక్కడ వివరించబడింది.

నేపథ్యం

అమెరికా విద్యావేత్త లూసీ స్ప్రేగ్ మిచెల్ 1934లో ప్రచురించిన "యంగ్ జాగ్రఫర్స్" అనే పుస్తకంలో, పిల్లలు భూగోళాన్ని తమ చుట్టుపక్కల పరిసరాల నుండే నేర్చుకోవాలని ప్రతిపాదించింది. బ్రిటన్ ఆర్థిక సహాయంతో 1980వ దశకంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం యొక్క ఆరు సూత్రాలలో స్థానిక పరిసరాలను వినియోగించుకోవటం ఒకటి.

పైనుండి చూపు

పటం అనేది ఒక స్థలాన్ని పైనుండి చూసినట్లు గీసిన బొమ్మ. చిన్న పిల్లలు మాత్రం ఇంటిని ఎదుటి నుండి చూసినట్లే గీస్తారు. అందువలన మొదట అగ్గిపెట్టెలను ఇళ్ళుగా నేలమీద పేర్చి, వాటి చుట్టూ సుద్దముక్కతో గీత గీయిస్తారు. పెట్టెలను తీసివేయగా మిగిలిన గీతలే వారి మొదటి పటం.

దిక్కులు

ఉదయం సూర్యునికి అభిముఖంగా నిలబడితే ఎదుట తూర్పు, వెనుక పడమర, కుడివైపు దక్షిణం, ఎడమవైపు ఉత్తరం ఉంటాయి. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి, సెప్టెంబరు నెలల విషువత్తులలో మాత్రమే. కనుక దిక్సూచితో సరిచూడటం మంచిది. డోన్‌కు ఇంచుమించుగా ఉత్తరాన కర్నూలు, తూర్పున బేతంచెర్ల, దక్షిణాన ప్యాపిలి, పడమర పత్తికొండ ఉన్నాయి.

గోడ పటంలో ఉత్తరం పైభాగాన ఉండటం వలన "ఉత్తరం అంటే మీదికి" అని పిల్లలు పొరబడతారు. నదుల పాఠం వచ్చినప్పుడు ఈ పొరపాటు బయటపడుతుంది. కుందూ నది దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది. హంద్రీ నది ఉత్తరంగా పారి కర్నూలు వద్ద తుంగభద్రలో కలుస్తుంది. గోడ పటం చూసిన పిల్లలకు హంద్రీ నీరు మీదికి ఎక్కుతున్నట్లు తోస్తుంది. దీనిని నివారించటానికి పటాన్ని మొదట నేలమీద పరచి, అందులోని ఉత్తరాన్ని నిజమైన ఉత్తరం వైపు తిప్పి చూపాలి. నీరు పారేది పల్లానికే గాని పటంలోని కింది అంచుకు కాదని అప్పుడు తెలుస్తుంది.

కొలత

బేతంచెర్ల ప్రాంతం నాపరాళ్ళకు ప్రసిద్ధి. సమాన కొలత గల చదరపు నాపరాళ్ళు పరచిన గదిలో ఒక్కొక్క రాయిని గళ్ళ కాగితంలో ఒక గడిగా తీసుకోవచ్చు. పొడవున 10, వెడల్పున 8 రాళ్ళు గల గదికి 10 గళ్ళు, 8 గళ్ళు గల దీర్ఘచతురస్రం గీస్తే చాలు. ఆరుబయట దూరాన్ని అడుగులతో కొలుస్తారు. ఇద్దరు పిల్లల లెక్కలు కలవనప్పుడు మీటరు వంటి ప్రామాణిక కొలత ఎందుకు అవసరమో బోధపడుతుంది.

రేఖాచిత్రాలు

నీటి ఎద్దడి ఎరిగిన రాయలసీమలో బిందెల లెక్క పిల్లలకు పరిచితమైనదే. ఉదాహరణకు, ఐదు ఇళ్ళవారు ఒక రోజు 6, 8, 4, 10, 6 బిందెల నీరు తెచ్చారనుకొంటే, ఒక బిందె బొమ్మ రెండు బిందెలకు గుర్తుగా వరుసగా 3, 4, 2, 5, 3 బొమ్మలు గీయాలి. తరువాత అదే లెక్కను కమ్మీ రేఖాచిత్రంగా మార్చవచ్చు. పటంలో కొళాయిని, బోరును గుర్తించి, తక్కువ నీరు తెచ్చిన ఇల్లు దూరంగా ఉన్నదా అని పరిశీలించవచ్చు. అయితే ఇంటిలోని మనుషుల సంఖ్య, బిందె పరిమాణం కూడా తేడాకు కారణం కావచ్చునని చెప్పాలి.

జాగ్రత్తలు

* రేఖాచిత్రంలో ఇంటివారి పేర్లు రాయకూడదు. పిల్లలు చిన్నబుచ్చుకొనే అవకాశం ఉంది.
* తండా నుండి గాని, ఊరి చివరి నుండి గాని వచ్చే పిల్లల ఇల్లు కాగితం అంచు దాటితే దానిని వదిలివేయరాదు. మరొక కాగితం అతికించాలి. తన ఇల్లు లేని పటం ఆ పిల్లలకు తమ ఊరి పటంగా తోచదు.
* ప్రతి పటంపై తేదీ వేయించాలి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడటంతో డోన్ అందులో చేరింది. అంతకు ముందరి పటాలలో అది కర్నూలు జిల్లాలో కనిపిస్తుంది. తేదీ ఉంటే రెండు పటాలూ తమ తమ కాలానికి సరైనవేనని పిల్లలు గ్రహిస్తారు.