ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు! ఎందుకు?



మైపాడు నుంచి నెల్లూరుకు పోవాలంటే బకింగ్‌హాం కాలువ దాటాలి. ఒకరోజు తెల్లవారుజామున ఆ వంతెన ఎక్కుతూ మా పిన్ని వాళ్ల వ్యాను మొరాయించింది. ఇంజన్ గట్టిగా అరిచింది. బండి మాత్రం ముందుకు పోలేదు. లోపల చేపల గంపలు ఉన్నాయి. ఐసు కరిగిపోయింది. ఆ రోజు బేరం పోయింది.

ఒక మెకానిక్ వచ్చి, "ఇంజన్ పోయింది" అన్నాడు. పిన్ని గుండెల్లో రాయి పడింది. ఆ వ్యాను తోడికోడళ్లిద్దరూ అప్పు చేసి కొన్నది. ఇంకో మెకానిక్‌కు చూపించారు. "ఇంజన్ బాగానే ఉందమ్మా. క్లచ్ ప్లేటు అరిగింది" అన్నాడు. ఇంజన్ విప్పే ఖర్చు తప్పింది.

క్లచ్ అంటే ఏమిటి?

ఇంజన్ తిరిగితే ఆ బలం గేర్‌బాక్సు ద్వారా చక్రాలకు పోతుంది. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండేది క్లచ్. అందులో కంచంలాంటి ప్లేటు ఉంటుంది. పెడల్ వదిలితే ఆ ప్లేటు ఇంజన్ చక్రాన్ని గట్టిగా పట్టుకుంటుంది. రెండూ కలిసి తిరుగుతాయి. పెడల్ తొక్కితే విడిపోతాయి. అప్పుడు గేరు మార్చుకోవచ్చు.

చెప్పు అడుగు అరిగితే బురదలో జారుతుంది కదా! ప్లేటు పైపొర అరిగినా అంతే. పట్టు ఉండదు, జారుతుంది.

అరిగిందని ఎట్లా తెలుస్తుంది?

1. యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడు పెరుగుతుంది, వేగం పెరగదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇది ముందుగా తెలుస్తుంది.
2. కాలిన వాసన వస్తుంది.
3. పెడల్ దాదాపు పూర్తిగా వదిలితేగానీ బండి కదలదు.

ఖాళీ రోడ్డు మీద పరీక్ష చేయవచ్చు. పై గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. చప్పుడు ఒక్కసారిగా పెరిగి, వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఈ పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయకండి. ప్లేటు ఇంకా కాలిపోతుంది.

అన్నిటికీ ప్లేటే కారణం కాదు

గేరు పడేటప్పుడు గరగరమంటే, పెడల్ తొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదేమో. పెడల్ తొక్కినప్పుడే చప్పుడు వస్తే, బేరింగ్ పోయి ఉండవచ్చు. మారుతి ఓమ్ని తయారీ 2019లో ఆగిపోయింది. అయినా పాతవి ఇంకా తిరుగుతున్నాయి. ఇట్లాంటి బండ్లలో క్లచ్‌కు కేబుల్ ఉంటుంది. అది బిగుసుకుపోయినా క్లచ్ జారుతుంది. ముందు దాన్ని సరిచేసి చూడమనండి. దానికి ఖర్చు తక్కువ. ప్లేటు మీద ఆయిల్ పడినా జారుతుంది. అప్పుడు ఆ కారుడు ఆపకుండా కొత్త ప్లేటు వేస్తే డబ్బు దండగ.

ఎందుకు తొందరగా అరుగుతుంది?

డ్రైవర్ ఎప్పుడూ పెడల్ మీద కాలు పెట్టి ఉంచితే అరుగుతుంది. మోతాదు మించి బరువు వేస్తే అరుగుతుంది. సముద్రం ఒడ్డు ఇసుకలో దిగబడిన బండిని సగం క్లచ్‌తో గుంజితే ఇంకా తొందరగా అరుగుతుంది. దిగి, ఇసుక తీసి, తోయడమే మేలు.

ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. కూలి ఖర్చు అక్కడే ఎక్కువ. అందుకే ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కూడా అప్పుడే చూపించుకోండి. పాత ప్లేటు చేతికి ఇమ్మని అడగండి. పైపొర అరిగి రివెట్లు బయటపడ్డాయేమో మీ కళ్ళతో చూడండి. బిల్లు రాయించుకోండి. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదవండి. చదువు నేర్చుకున్నది ఇందుకు కూడా.

మాట్లాడుకుందాం: మీరు ఎక్కే బండి ఎప్పుడైనా ఇట్లా అరిచిందా? అప్పుడు డ్రైవర్ ఏమన్నాడు?