ఆపరేషన్ జరుగుతుండగానే వచ్చే ముక్క పరీక్ష ఫలితం – ఎంతవరకు నమ్మవచ్చు?

మెదడులో గడ్డ ఉన్నదని స్కానింగ్‌లో తెలిసిన రోజు నుండి ఆ ఇంట్లో అందరినీ వేధించే ప్రశ్న ఒక్కటే: "అది క్యాన్సరా, కాదా?" ఆపరేషన్ రోజున థియేటర్ బయట బెంచీల మీద కూర్చున్నవారు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడేది ఈ జవాబు కోసమే. డాక్టరు గారు బయటికి వచ్చి, "ముక్క పరీక్షకు పంపాము. ఇప్పటికి ఫలానా రకం గడ్డలా కనిపిస్తోంది. పూర్తి రిపోర్టు రావాలి" అని చెబుతారు. చాలామంది చెవిన పడేది ఇందులో మొదటి సగమే. కొందరు వెంటనే ఊరంతా ఫోన్లు చేస్తారు. కొందరు కుట్లు విప్పించుకొని వెళ్ళి, పూర్తి రిపోర్టు కోసం మళ్ళీ రానే రారు. ఆ రెండవ సగం మాట కూడా ఎంత ముఖ్యమో పాఠకులకు తెలియజేయాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

థియేటర్‌లో ఉండగానే పరీక్ష ఎందుకు?

ఈ పరీక్ష ముఖ్యంగా సర్జన్ గారి కోసం. పుర్రె తెరిచి ఉన్నప్పుడు ఆయన కొన్ని నిర్ణయాలు అప్పటికప్పుడు తీసుకోవాలి. మొదటిది, తీసిన ముక్క నిజంగా గడ్డలోనిదేనా, లేక పక్కనున్న వాచిన మెదడు భాగమా? సూదితో బయాప్సీ చేసేటప్పుడు ఇది తెలియకపోతే ఆపరేషనంతా వృథా కావచ్చు. రెండవది, ఎంత వరకు తీయాలి? మెదడు పై పొరల నుండి పుట్టే మెనింజియోమా అయితే వీలైనంత పూర్తిగా తీయడమే మంచిది. లింఫోమా అయితే సాధారణంగా ముక్క తీస్తే చాలు, అసలు వైద్యం మందులతోనే. మూడవది, ఇది గడ్డ కాక టి.బి. లేదా చీము అయితే ముక్కలో కొంత భాగాన్ని క్రిముల పరీక్షకు కూడా పంపాలి. మన దేశంలో మెదడులో టి.బి. గడ్డలు కొత్త కాదు. స్కాన్‌లో అవి ట్యూమర్‌లాగే కనిపించి భయపెడతాయి.

పరీక్ష ఎలా చేస్తారు?

ఇందుకు రెండు పద్ధతులు ఉన్నాయి.

ఫ్రోజెన్ సెక్షన్: ముక్కను ఒక ప్రత్యేక యంత్రంలో గడ్డకట్టించి, అతి పలుచని పొరలుగా కోసి, రంగులు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. సుమారు 20 నిమిషాలలో జవాబు వస్తుంది. అయితే మెదడులో నీటి శాతం ఎక్కువ. గడ్డకట్టినప్పుడు ఆ నీరు మంచు పలుకులుగా మారి కణాల ఆకారాన్ని చెడగొడుతుంది.

స్క్వాష్ స్మియర్: బియ్యపు గింజ కంటే చిన్న ముక్కను రెండు గాజు స్లైడుల మధ్య మెత్తగా నొక్కి లాగుతారు. మెదడు మెత్తనిది కనుక కణాలు చక్కగా పరుచుకుంటాయి. గడ్డకట్టించే పని లేదు కనుక కణాలు చెడిపోవు. ఖరీదైన యంత్రం అవసరం లేదు. అందుకే మన దేశంలో అనేక ఆసుపత్రులు ఈ పద్ధతి మీద ఆధారపడుతున్నాయి. అయితే గట్టిగా, నారలాగా ఉండే గడ్డలు ఇలా పరుచుకోవు. వాటికి ఫ్రోజెన్ సెక్షనే మేలు. వీలున్నచోట రెండూ చేస్తారు.

ఈ పరీక్షలు నిన్న మొన్నటివి కావు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ లూయిస్ విల్సన్ 1905లో ఫ్రోజెన్ సెక్షన్ పద్ధతిని ప్రచురించారు. మెదడు గడ్డలకు తాజా ముక్కను నొక్కి చూసే పద్ధతిని 1930లో డాక్టర్ లూయిస్ ఐసెన్‌హార్ట్, ప్రసిద్ధ న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ కలిసి ప్రకటించారు. ఐసెన్‌హార్ట్ ఒక మహిళ. కుషింగ్ గారి ఆఫీసులో సహాయకురాలిగా పని మొదలుపెట్టి, తర్వాత డాక్టరు చదువు పూర్తి చేసి, మెదడు గడ్డలను గుర్తించడంలో గొప్ప పేరు తెచ్చుకున్నారు.

ఫలితం ఎంతవరకు సరైనది?

అనేక ఆసుపత్రులు థియేటర్‌లో వచ్చిన జవాబును తర్వాతి పూర్తి రిపోర్టుతో పోల్చి చూసుకున్నాయి. ప్రచురించిన లెక్కలు ఎక్కువగా 85 నుండి 95 శాతం మధ్య ఉన్నాయి. అంటే సుమారు పది మందిలో తొమ్మిది మందికి రెండు జవాబులు కలుస్తాయి. అంత తక్కువ సమయంలో, అంత చిన్న ముక్కతో ఇది చాలా మంచి ఫలితమే. కానీ ఆ పదవ వ్యక్తి మన ఇంటివారే కావచ్చు కదా!

ఈ లెక్కలో ఇంకొక విషయం ఉంది. గడ్డ రకం సరిగ్గా చెప్పి, దాని తీవ్రతను, అంటే గ్రేడును, కొంచెం అటూ ఇటూగా చెప్పినా చాలా చోట్ల సరైన జవాబుగానే లెక్కిస్తారు. రోగి వైద్యానికి మాత్రం ఆ గ్రేడు ఎంతో ముఖ్యం.

పొరపాటుకు అవకాశం ఉన్న చోట్లు ఇవి:

1. గ్లయోమా గ్రేడు. ఒకే గడ్డలో ఒక మూల నెమ్మదిగా, మరొక మూల వేగంగా పెరుగుతూ ఉండవచ్చు. నెమ్మది భాగం నుండి ముక్క వస్తే తీవ్రత తక్కువగా కనిపిస్తుంది.

2. గడ్డ చుట్టూ మెదడులో వచ్చే వాపు మార్పులు. ఇవి తక్కువ గ్రేడు గ్లయోమాలాగే కనిపించగలవు.

3. చనిపోయిన కణజాలం. గడ్డ మధ్యలో కుళ్ళిన భాగమే వస్తే అందులో చూడడానికి ఏమీ మిగలదు.

4. లింఫోమా. స్కాన్ తర్వాత వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మందులు వాడితే ఇది కొన్ని రోజులలోనే కరిగిపోయినట్లు కనిపిస్తుంది. అప్పుడు తీసిన ముక్కలో జబ్బే దొరకకపోవచ్చు.

నర్సుల చేతిలో ఉన్నది

జవాబు చెప్పేది పేథాలజిస్టు గారే అయినా, ఆ జవాబు సరిగ్గా రావడం థియేటర్ టేబుల్ దగ్గరే మొదలవుతుంది. మా చెల్లెళ్ళకు, అంటే కొత్తగా థియేటర్ డ్యూటీకి వచ్చే నర్సులకు, మేము మొదట నేర్పేది ఇదే. ఈ ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు. సెలైన్‌లో తేలేలా ఉంచకూడదు, ఎందుకంటే పీల్చుకున్న నీరు గడ్డకట్టినప్పుడు మంచు పలుకులవుతుంది. పొడి గాజు గుడ్డ మీద ఉంచితే ముక్క అతుక్కొని ఎండిపోతుంది. సెలైన్‌తో కొద్దిగా తడిపిన గుడ్డ మీద, మూత ఉన్న డబ్బాలో, ఆలస్యం లేకుండా పంపాలి. క్రిముల పరీక్షకు వెళ్ళే భాగాన్ని విడిగా శుభ్రమైన డబ్బాలో ఉంచాలి. దానికి ఫార్మలిన్ తగిలితే క్రిములు చచ్చి, పరీక్ష పనికిరాదు.

డబ్బా మీద పేరు, ఆసుపత్రి నంబరు, మెదడులో ఏ వైపు, ఏ భాగం అన్నది స్పష్టంగా ఉండాలి. చీటీలో వయసు, స్కాన్ వివరాలు, పాత ఆపరేషన్లు, రేడియేషన్, స్టెరాయిడ్ వాడకం తప్పక వ్రాయాలి. ఇంతకు ముందు రేడియేషన్ తీసుకున్న మెదడులోని కణాలు చూడడానికి క్యాన్సర్ కణాల్లాగే ఉండవచ్చు. ఆ ఒక్క మాట చీటీలో లేకపోతే ఎంత అనుభవమున్న డాక్టరైనా తికమకపడతారు.

పూర్తి రిపోర్టు ఎందుకు ఆలస్యం?

మిగిలిన ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనం బ్లాకుగా చేసి, రకరకాల రంగులతో పరీక్షిస్తారు. దీనికి కొన్ని రోజులు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో, ఆ తర్వాత 2021లో సవరించిన వర్గీకరణల ప్రకారం అనేక మెదడు గడ్డలకు జన్యు మార్పులు కూడా చూసి పేరు పెట్టాలి. ఐ.డి.హెచ్. అనే జన్యువులో మార్పు ఉన్న గ్లయోమా ఒక దారిలో, లేనిది మరొక దారిలో నడుస్తుంది. మామూలు మైక్రోస్కోపులో ఇది కనిపించదు.

కొత్త పద్ధతులు కూడా వస్తున్నాయి. లేజర్ కాంతితో ముక్కను చూసి, కంప్యూటర్ చేత రెండున్నర నిమిషాల లోపే జవాబు చెప్పించే పద్ధతిని అమెరికాలో 278 మంది రోగుల ముక్కలపై పరీక్షించి 2020లో ప్రకటించారు. కంప్యూటర్ 94.6 శాతం, మామూలు పద్ధతిలో పేథాలజిస్టులు 93.9 శాతం సరిగ్గా చెప్పారు. విశేషమేమంటే, కంప్యూటర్ తప్పిన చోట డాక్టర్లు, డాక్టర్లు తప్పిన చోట కంప్యూటర్ సరిగ్గా చెప్పగలిగారు. యంత్రం వచ్చినా మనిషి కన్ను అవసరమేనని దీనివల్ల తెలుస్తోంది.

కుటుంబ సభ్యులకు మా మనవి

1. రోగి వాడిన మందులన్నీ, ముఖ్యంగా ఊరి డాక్టరు గారు ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు, ఆపరేషన్‌కు ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు, మొదలుపెట్టవద్దు.

2. పాత టి.బి., పాత క్యాన్సర్, రేడియేషన్ వివరాలు దాచవద్దు. పాత స్కాన్‌లు, కాగితాలు వెంట తీసుకురండి.

3. థియేటర్ నుండి వచ్చిన మాటను మొదటి కబురుగానే తీసుకోండి. ఆ ఒక్క మాట మీద పొలం అమ్మడం గాని, ఇక భయం లేదని వైద్యం మానడం గాని చేయవద్దు.

4. డిశ్చార్జి రోజున "పూర్తి రిపోర్టు ఎప్పుడు వస్తుంది? ఎవరిని కలవాలి?" అని అడిగి వ్రాసుకోండి. పనిచేసే ఫోన్ నంబరు ఇవ్వండి.

5. వేరే ఆసుపత్రికి వెళ్ళేటట్లయితే స్లైడులు, మైనం బ్లాకులు అడిగి తీసుకువెళ్ళండి. వాటి మీద మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోవచ్చు. మళ్ళీ తల తెరవవలసిన అవసరం రాకపోవచ్చు.

రెండు జవాబులు వేరుగా వచ్చినప్పుడు "ముందు ఒకటి చెప్పి ఇప్పుడు మరొకటి అంటున్నారు" అని బాధపడేవారు ఉన్నారు. ఆ బాధ మాకు తెలుసు. మొదటి జవాబు సర్జన్ గారి చేతిని నడిపించడానికి, రెండవది మీ వారి ముందున్న వైద్యాన్ని నిర్ణయించడానికి. దయచేసి ఆ రెండవ కాగితం తీసుకోకుండా వైద్యం ముగిసిందనుకోవద్దు.