దవడ బలం ఎముకలో లేదు

వ్లాదిమిర్ క్లిచ్కో పేరెత్తితే బాక్సింగ్ అభిమానులు ఇప్పటికీ రెండు పక్షాలుగా చీలిపోతారు. ఈ ఉక్రెయిన్ హెవీవెయిట్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. 2006 ఏప్రిల్ నుంచి 2015 నవంబరు దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్నాడు. ఆరున్నర అడుగుల మనిషి. అయినా ‘గట్టి దెబ్బ తగిలితే పడిపోతాడు, దవడ మెత్తన’ అన్న మాట మాత్రం అతన్ని చివరిదాకా వదల్లేదు. అందులో నిజమెంతో తేల్చే ముందు, దెబ్బ మనిషిని ఎలా పడగొడుతుందో చూడాలి.

దవడ గట్టిదా, మెత్తనిదా అని వాదిస్తాం గానీ దవడ ఎముకకూ నాకౌట్‌కూ సంబంధం తక్కువ. 1973లో శాన్ డియాగోలో కెన్ నార్టన్‌తో పోరాడినప్పుడు ముహమ్మద్ అలీ దవడ విరిగింది. అయినా 12 రౌండ్లూ నిలబడే ఉన్నాడు. పడగొట్టేది తల ఒక్కసారిగా తిరగడం. పక్కనుంచి వచ్చే హుక్ గడ్డానికి తగిలినప్పుడు తల మెడ మీద గిరుక్కున తిరుగుతుంది. నీళ్లున్న బిందెను చటుక్కున తిప్పితే బిందె తిరుగుతుంది గానీ లోపలి నీళ్లు ఒక క్షణం వెనకబడతాయి కదా, మెదడుకూ అదే జరుగుతుంది. ఆ క్షణంలో సన్నని నరాల పోగులు సాగి, మెదడు నుంచి కాళ్లకు వెళ్లే ఆదేశాలు తెగిపోతాయి. మనిషి నిలువునా కూలిపోతాడు. దెబ్బ వస్తోందని ముందే తెలిస్తే మెడ బిగుసుకుంటుంది, తల తిరిగే వేగం కొంత తగ్గుతుంది. కనబడకుండా వచ్చిన పంచ్ ప్రమాదకరం అయ్యేది ఇందుకే. అలసినవాడి మెడ బిగుసుకోదు, కాళ్లు నిలవవు.

హెవీవెయిట్‌లో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఆ విభాగంలో బరువుకు పైన హద్దు లేదు. 95 కిలోల మనిషి 120 కిలోల మనిషితో తలపడవచ్చు. శరీరం పెరిగినంతగా మెదడు పెరగదు, దానికి రక్షణా పెరగదు. పెరిగేది ఎదుటివాడి దెబ్బ బరువే.

ఇప్పుడు క్లిచ్కో ఓటముల్ని విడదీసి చూద్దాం. చాంపియన్‌గా స్థిరపడక ముందు మూడుసార్లు ఓడాడు. 1998లో రాస్ ప్యూరిటీ చేతిలో పదకొండో రౌండ్లో ఓడినప్పుడు ఒంట్లో శక్తి పూర్తిగా అయిపోయింది. 2004లో లామన్ బ్రూస్టర్‌ను నాలుగో రౌండ్లో తానే పడగొట్టి, ఐదో రౌండుకల్లా నిలవలేనంతగా అలసి ఓడాడు. ఈ రెండింటినీ దవడ ఖాతాలో రాయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. అవి ఊపిరి ఓటములు. మిగిలింది 2003లో హానోవర్‌లో కోరీ సాండర్స్‌తో జరిగిన పోరు. సాండర్స్ ఎడంచేతివాటం వాడు, చెయ్యి మెరుపు వేగంతో వచ్చేది. రెండు రౌండ్లలోనే క్లిచ్కోను నాలుగుసార్లు పడగొట్టాడు. విమర్శకుల వాదనకు అసలైన ఆధారం ఇదే, దాన్ని కొట్టిపారేయలేం.

నిర్ణయాత్మకమైన పోరు మాత్రం 2005 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో జరిగింది. శామ్యూల్ పీటర్ క్లిచ్కోను మూడుసార్లు కింద పడేశాడు. మూడుసార్లూ లేచాడు, 12 రౌండ్లూ ఆడాడు, ముగ్గురు జడ్జీలూ అతన్నే విజేతగా ప్రకటించారు. దెబ్బ తట్టుకోవడం అంటే పడకపోవడం ఒక్కటే అనుకుంటే ఈ పోరు అర్థం కాదు. పడ్డాక తేరుకోవడం, తేరుకున్నాక భయపడకపోవడం వేరే సామర్థ్యాలు. అవి ఆ రాత్రి క్లిచ్కోలో పుష్కలంగా కనిపించాయి.

ఆ తర్వాత అతని దవడ మారలేదు. మారింది అది ఉండే చోటు. కోచ్ ఇమాన్యుయేల్ స్టూవర్డ్ అతని ఎత్తునే రక్షణగా మలిచాడు. పొడవాటి ఎడమచేతిని నేరుగా చాచి కొట్టే జాబ్ దెబ్బతో ఎదుటివాణ్ని దూరంగా ఆపడం, దగ్గరికొస్తే పట్టేసి మీద వాలిపోవడం, అలసిపోకుండా ఆడడం. చూసేవాళ్లకు విసుగే. నాక్కూడా ఆ పోరాటాల్లో కొన్ని చివరిదాకా చూడడం కష్టమే. కానీ తలకు దెబ్బ తగలనివ్వని ఆటను పిరికితనం అనడం నాకు ఒప్పుదల కాదు.

ఎందుకంటే ‘ఉక్కు దవడ’ అని మనం పొగిడేవాళ్లకు ఏం జరిగిందో చూస్తున్నాం. కెనడా బాక్సర్ జార్జ్ చువాలో 93 పోరాటాల్లో ఒక్కసారి కూడా కింద పడలేదు. పడకపోవడం అంటే దెబ్బలు తినడం ఆగకపోవడం కూడా. పడి లేవలేనివాడి ముందు రిఫరీ పది లెక్కపెడతాడు, పోరు ముగుస్తుంది. నిలబడ్డవాడికి ఆ కాపుదల లేదు. ఎన్ని దెబ్బలకైనా నిలబడతాడని అభిమానులు మెచ్చిన జెర్రీ క్వారీ, మెదడు దెబ్బతిని మతిమరుపుతో 53వ ఏట 1999లో చనిపోయాడు. అలీ 38 ఏళ్ల వయసులో లారీ హోమ్స్ ముందు పది రౌండ్లు నిలబడే దెబ్బలు తిన్నాడు. కోచ్ ఏంజెలో డండీయే పోరు ఆపించాల్సి వచ్చింది. 1984లో అలీకి పార్కిన్సన్స్ వ్యాధి ఉందని తేలింది. దానికి దెబ్బలెంత కారణమన్నదాని మీద వైద్యుల్లో వాదన ఉంది గానీ, అవి మేలు చేశాయని ఎవరూ అనరు.

2017 ఏప్రిల్‌లో వెంబ్లీ స్టేడియంలో 90 వేల మంది ముందు, 41 ఏళ్ల క్లిచ్కో ఆంథొనీ జోషువాతో తలపడ్డాడు. ఐదో రౌండ్లో పడ్డాడు. లేచి ఆరో రౌండ్లో జోషువానే పడగొట్టాడు. పదకొండో రౌండ్లో క్లిచ్కో రెండుసార్లు పడి, రెండుసార్లూ లేచాక రిఫరీ పోరు ఆపాడు. అతని దవడ మధ్యరకం, తేరుకునే శక్తి గొప్పది, రక్షణ అంతకంటే గొప్పది అని నా నిర్ణయం. జోషువాతో మళ్లీ తలపడే అవకాశం చేతిలో ఉండగానే, అదే ఏడాది ఆగస్టులో అతను బాక్సింగ్ నుంచి తప్పుకున్నాడు.